మాట రాని పిల్లల పలక

1971లో కెనడాలోని టొరంటో నగరంలో, అంటారియో క్రిపుల్డ్ చిల్డ్రన్స్ సెంటర్‌లో పాఠాలు చెప్పే షర్లీ మెక్‌నాటన్ అనే టీచరుకు పెద్ద చిక్కే వచ్చిపడింది. ఆమె దగ్గర చదువుకునే పిల్లల్లో కొందరికి నోట మాట రాదు. చక్రాల కుర్చీలో కూర్చుంటారు. మెడ నిలవదు. చెయ్యి ఒక దిక్కుకు చాపితే ఇంకో దిక్కుకు పోతుంది. కలం పట్టే వీలు లేదు కాబట్టి రాతా లేదు. చెప్పింది అర్థమవుతోందని ముఖాలు చూస్తే తెలుస్తుంది. కానీ వాళ్ల దగ్గరున్న భాషంతా రెండే మాటలు: అవును, కాదు. అదీ ఎవరైనా ప్రశ్న వేస్తేనే. ఆకలా? కాదు. నొప్పా? కాదు. అమ్మ కావాలా? కాదు. అడిగేవాళ్లకు తట్టని సంగతి పిల్ల మనసులో ఉంటే అది అక్కడే ఆగిపోవాలి.

బొమ్మల బోర్డులు అప్పటికే ఉన్నాయి. గ్లాసు బొమ్మ, మంచం బొమ్మ, మరుగుదొడ్డి బొమ్మ. వాటితో అవసరాలు చెప్పుకోవచ్చు. ‘నిన్న నువ్వెందుకు రాలేదు’ అని అడగాలంటే ఏ బొమ్మ చూపించాలి? ‘నాకు భయమేస్తోంది’ అనాలంటే? పోనీ అక్షరాలు నేర్పుదామంటే అది ఏళ్ల మీద పని. మామూలుగా ఆ వయసు పిల్లలు పొద్దున లేచింది మొదలు ప్రశ్నలతో ఇల్లు పీకి పందిరేస్తుంటారు. ఈ పిల్లలకు ఒక్క ప్రశ్న వేయడానికీ దారి లేదు.

ఇలా మాట రాని పిల్లల్లో చాలామందికి ఉండేది సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పడం. కాన్పు సమయంలో మెదడుకు ఆక్సిజన్ అందకపోవడం దానికి ఒక కారణం. మన ఊళ్లలో తల్లులు ఇదే సంగతిని ‘పుట్టగానే ఏడవలేదండీ’ అంటారు, ‘పేగు మెడలో వేసుకుని పుట్టాడు’ అంటారు, ‘ఉమ్మనీరు మింగింది’ అంటారు. పెద్దవాళ్ల ఒంటి బరువులో మెదడు రెండు శాతమే, అయినా శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు ఐదో వంతు దానికే కావాలి. నెలలు నిండిన బిడ్డకు హఠాత్తుగా, పూర్తిగా ఊపిరి ఆగితే దెబ్బ ఎక్కువగా పడేది మెదడు లోతుల్లో ఉండే బేసల్ గాంగ్లియా, థాలమస్ అనే భాగాల మీద, పైపొరలో కదలికలను నడిపే భాగం మీద. ‘అమ్మ’ అనాలంటే ఛాతీ గాలిని కొలిచి వదలాలి, గొంతు మోగాలి, పెదవులు మూసుకుని తెరుచుకోవాలి. ఇదంతా క్షణంలో, వరుస తప్పకుండా జరగాలి. ఆ వరుసను నడిపించే చోటే దెబ్బ తగిలితే, మనసులో మాట సిద్ధంగా ఉన్నా నోటిదాకా రాదు. అందరిలోనూ ఇంతే అని కాదు. కొందరిలో తెలివికీ దెబ్బ తగులుతుంది, కొందరిలో చూపుకో వినికిడికో తగులుతుంది. కానీ మాట లేదు కాబట్టి తెలివీ లేదనుకోవడం మాత్రం తప్పు. ఆ తప్పు చాలా కాలం, చాలా దేశాల్లో, చదువుకున్నవాళ్లు కూడా చేశారు.

తెలుగు ఇళ్లలో పసిబిడ్డ నాలుకకు వస కొమ్ము అరగదీసి రాయడం పాత ఆనవాయితీ. మాటలు త్వరగా, స్పష్టంగా వస్తాయని. గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అని ముద్దుచేసేది అందుకే. పెద్దల ప్రేమను తప్పుపట్టాల్సిన పనిలేదు. కానీ ఊపిరాడక దెబ్బతిన్న పిల్లల విషయంలో లోపం నాలుకలో ఉండదు. నాలుక బాగానే ఉంటుంది, దానికి అందాల్సిన ఆజ్ఞ అందదు. ‘వాళ్ల మేనమామకూ ఐదేళ్లకే మాటలొచ్చాయిలే’ అని ఆ ఐదేళ్లూ చూస్తూ కూర్చుంటే అసలు నష్టం జరుగుతుంది.

కాన్పుకూ ఈ జబ్బుకూ ఉన్న లంకెను మొదట గట్టిగా చెప్పినవాడు లండన్ డాక్టర్ విలియం జాన్ లిటిల్. చిన్నప్పుడే జబ్బు చేసి పాదం వంకరపోయిన మనిషి. తన పాదానికి జర్మనీలో శస్త్రచికిత్స చేయించుకుని, ఆ విద్యను ఇంగ్లండుకు తెచ్చాడు. 1861లో లండన్ ఆబ్‌స్టెట్రికల్ సొసైటీ ముందు ఒక పత్రం చదివాడు. కష్టమైన కాన్పు, నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఊపిరాడకపోవడం పిల్లల ఒంటినీ మనసునూ ఎలా దెబ్బతీస్తాయో పదుల సంఖ్యలో పిల్లల వివరాలతో చెప్పాడు. చాలాకాలం ఈ జబ్బుకు ‘లిటిల్స్ డిసీజ్’ అనే పేరే ఉండేది. 1897లో సిగ్మండ్ ఫ్రాయిడ్, మనోవిశ్లేషణతో పేరు రాకముందు, పిల్లల పక్షవాతాల మీద పెద్ద గ్రంథం రాస్తూ వేరే అనుమానం వెలిబుచ్చాడు. కాన్పు కష్టమవడమే కారణం కాకపోవచ్చు, కడుపులో ఉండగానే బిడ్డకు జరిగిన హానికి ఆ కష్టం ఒక గుర్తు కావచ్చు కదా అన్నాడు. ఆ మాటను సుమారు తొంభై ఏళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1986లో అమెరికాలో కారిన్ నెల్సన్, జోనస్ ఎలెన్‌బర్గ్ వేలాది కాన్పుల లెక్కలు తీసి, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి కాన్పులో ఊపిరాడకపోవడం కారణం కాదని చూపించారు. ఈ సంగతి మన ఇళ్లలో ముఖ్యంగా తెలియాలి. ‘సరిగా నొప్పులు పడలేదు’, ‘ఆ రోజు ఆ పని చేయకపోతే బాగుండేది’ అని తల్లి మీద తోసే నింద ఇంకా పోలేదు.

కారణాల మీద ఇంత చర్చ జరుగుతున్నా, మాట రాని పిల్ల తన మనసులోది ఎలా చెప్పుకోవాలన్నది వైద్యుల పట్టికలోకి రాలేదు. మందులు, ఆపరేషన్లు, కాళ్లకు కాలిపర్లు, నడక. మాట విషయంలో మాత్రం నోటికి కసరత్తులు, ఎదురుచూపు. తెలివి పరీక్షలేమో నోటితో జవాబు చెప్పాలి, లేదా చేత్తో ముక్కలు అమర్చాలి. రెండూ చేతకాని పిల్లకు సున్నా మార్కులు. ఆ సున్నాతో బడి తలుపు మూసుకుపోయేది. అక్షరాలు వచ్చిన పెద్దవాళ్లు మాత్రం సొంతంగా దారులు వెతుక్కున్నారు. అమెరికాలో సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఎఫ్. హాల్ రో అనే ఆయన అక్షరాలు, మాటలు రాసిన బోర్డు తయారుచేసుకుని వేలితో చూపిస్తూ మాట్లాడేవాడు. 1960ల్లో ఇంగ్లండులో గాలి ఊదితే, పీలిస్తే నడిచే టైపురైటరు వచ్చింది. ఇవన్నీ చదవడం వచ్చినవాళ్లకు. చదువు రాని వయసులో ఉన్న పిల్లకు ఏదీ లేదు.

మెక్‌నాటన్ బృందం పుస్తకాలు తిరగేస్తుంటే, ప్రపంచంలోని గుర్తుల గురించి పిల్లల కోసం రాసిన ఒక పుస్తకంలో చార్ల్స్ బ్లిస్ అనే పేరు తగిలింది. ఆయన చేసిన గుర్తుల లిపికీ, రోగాలకూ, పిల్లలకూ ఏ సంబంధమూ లేదు. యుద్ధాలు ఆపాలని చేసిన లిపి అది.

బ్లిస్ 1897లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని చెర్నోవిట్జ్ పట్టణంలో, పేద యూదు కుటుంబంలో పుట్టారు. ఇప్పుడు ఆ ఊరు ఉక్రెయిన్‌లో ఉంది. పక్కింటివాళ్ల భాష అర్థంకాక పగలు పెంచుకునే ఊరని ఆయన చెప్పుకునేవారు. వియన్నాలో కెమికల్ ఇంజనీరింగ్ చదివారు. నీటికి రసాయన సూత్రం ఏ దేశంలోనైనా ఒకటే కదా, మాటలకూ అలా ఉండకూడదా అన్న ఆలోచన అక్కడ మొలిచింది. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాక ఆయనను డాకౌ, తర్వాత బూకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరాలకు పంపారు. భార్య క్లేర్ జర్మన్ క్యాథలిక్. తిరగని ఆఫీసు లేకుండా తిరిగి ఆయనను విడిపించింది. ఇంగ్లండు చేరాక, ఆకాశం నుంచి పడే బాంబులను గుర్తుచేస్తోందని, బ్లిట్జ్ అన్న ఇంటిపేరు మార్చుకుని బ్లిస్ అయ్యారు. దంపతులు మళ్లీ కలిసింది 1940లో, షాంఘైలో. అక్కడ దుకాణాల మీది చైనా అక్షరాలు నేర్చుకుంటుండగా ఒక రోజు ఆయనకు స్ఫురించింది: తాను వాటిని చైనీస్‌లో కాదు, తన సొంత భాషలోనే చదువుకుంటున్నాడు. పలుకుతో పనిలేకుండా అర్థాన్నే పట్టే రాత సాధ్యమేనన్నమాట. 1942 నుంచి గుర్తులు గీయడం మొదలుపెట్టారు.

యుద్ధం ముగిశాక ఆస్ట్రేలియా చేరి, ఫ్యాక్టరీలో పనిచేస్తూ రాత్రిళ్లు పుస్తకం రాసుకున్నారు. 1949లో అది అచ్చయింది. క్లేర్ ప్రపంచంలోని విశ్వవిద్యాలయాలకు, పండితులకు సుమారు ఆరు వేల ఉత్తరాలు రాసింది. స్పందన దాదాపు లేదు. 1961లో ఆమె కన్నుమూసింది. ఆ తర్వాత పదేళ్లకు టొరంటో నుంచి ఉత్తరం వచ్చేసరికి బ్లిస్‌కు డెబ్బై దాటాయి.

ఆ లిపి ఆ పిల్లలకు ఎందుకు కుదిరిందో చూడాలి. గుండె ఆకారం గీస్తే భావం. పక్కన పైకి బాణం వేస్తే సంతోషం, కిందికి వేస్తే దుఃఖం. అల గీత నీళ్లు. గుర్తు నెత్తిన చిన్న కోను పెడితే అది చేసే పని. ఆ కోను బదులు ఇంకో చిన్న గీత పెడితే జరిగిపోయిన పని, మరోలా పెడితే జరగబోయే పని. ‘దీనికి వ్యతిరేకం’ అనడానికి ఒక గుర్తు ఉంది. రెండు మూడు గుర్తులు కలిపి కొత్త మాట తయారుచేసుకోవడానికీ వీలుంది. కాబట్టి బోర్డు మీద లేని మాట కూడా పిల్ల చెప్పగలదు. బొమ్మల బోర్డుకూ దీనికీ అసలైన తేడా ఇక్కడే ఉంది. బొమ్మల బోర్డులో పెద్దవాళ్లు అతికించిన మాటల్లోంచే ఏరుకోవాలి. ఇందులో పిల్ల తన మాట తానే కట్టుకోవచ్చు. అక్షరాలు రానక్కరలేదు.

పని జరిగే తీరు ఇలా ఉండేది. చక్రాల కుర్చీకి అడ్డంగా, ఒళ్లో పళ్లెంలా అమరే పలక. దాని మీద వరుసలుగా గడులు, గడికో గుర్తు, గుర్తు పైన చిన్న అక్షరాల్లో ఇంగ్లీషు మాట. ఆ మాట పిల్ల కోసం కాదు, ఎదుటివాళ్ల కోసం. దానివల్ల బస్సు డ్రైవరైనా, తాతయ్యైనా పిల్ల చెప్పింది చదువుకోగలడు. చెయ్యి కాస్త స్వాధీనంలో ఉన్న పిల్ల పిడికిలితో గడిని తాకుతుంది. చెయ్యి గాల్లో అటూ ఇటూ ఊగి, ఒక్కోసారి రెండు గడుల మధ్య పడుతుంది. పక్కనున్నవాళ్లు ‘ఇదా?’ అని ఆ మాట పైకి చదువుతారు. పిల్ల కళ్లతో అవునంటే తర్వాతి గడి. చెయ్యి అసలు స్వాధీనంలో లేని పిల్లకు నుదుటికి పుల్ల కడతారు. అదీ కుదరకపోతే ఎదుటివాళ్లే వరుసలు చూపించుకుంటూ పోతారు, కావలసిన వరుస రాగానే పిల్ల కళ్లెత్తుతుంది. ఒక్క వాక్యానికి నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాలు ఓపిగ్గా కూర్చోవడం ఎదుటివాళ్లు నేర్చుకోవాల్సిన విద్య, పిల్ల నేర్చుకునే విద్యకంటే అది చిన్నదేమీ కాదు.

కొద్ది నెలల్లోనే తేడా కనిపించింది. జవాబులు మాత్రమే ఇచ్చిన పిల్లలు ప్రశ్నలు వేయడం మొదలుపెట్టారు. 1972లో బ్లిస్ స్వయంగా టొరంటో వచ్చారు. మహా పండితులు పట్టించుకోని తన గుర్తులతో పిల్లలు మాట్లాడుతుంటే చూసి పొంగిపోయారు. ఆయన జీవితం మీద 1974లో ‘మిస్టర్ సింబల్ మ్యాన్’ అనే డాక్యుమెంటరీ వచ్చింది. 1980లు వచ్చేసరికి బ్లిస్ గుర్తులు ముప్పైకి పైగా దేశాల్లోని పిల్లల చేతికి చేరాయి.

తర్వాత జరిగింది వింటే బాధ కలుగుతుంది. టీచర్లు పిల్లల అవసరం కొద్దీ కొత్త గుర్తులు కలిపారు, కొన్ని మార్చారు, గుర్తుల నుంచి ఇంగ్లీషు చదువులోకి పిల్లలను నడిపించారు. బ్లిస్‌కు అది సహించలేదు. తనది ప్రపంచ శాంతికి భాష, దాన్ని ఇంగ్లీషుకు మెట్టుగా వాడతారా, ఒక్క గీత మారినా తర్కం చెడుతుందని మండిపడ్డారు. ఉత్తరాల మీద ఉత్తరాలు, ఆపై లాయర్లు. 1982లో టొరంటోవాళ్లు 1,60,000 డాలర్లు చెల్లించి, ఆ గుర్తులను వికలాంగుల కోసం వాడుకునే హక్కును పొందాక గొడవ సద్దుమణిగింది. 1985లో బ్లిస్ మరణించారు. శిబిరాల నుంచి బతికి బయటపడి, జీవితమంతా ధారపోసిన మనిషి ఆవేదన అర్థం చేసుకోదగ్గదే. అయినా ఈ తగవులో న్యాయం టీచర్ల వైపే ఉంది. రోజూ మాట్లాడేవాళ్ల చేతిలో ఏ భాషైనా మారుతుంది. అది మారడం మొదలైందంటే ఆ పిల్లలకది నిజంగా భాష అయిందనే అర్థం.

1981లో అమెరికాలో పిక్చర్ కమ్యూనికేషన్ సింబల్స్ అనే బొమ్మల సంపుటి వచ్చింది. తల్లిదండ్రులకు చూడగానే అర్థమవుతుంది, నేర్చుకోవాల్సింది తక్కువ. దాంతో చాలాచోట్ల బ్లిస్ గుర్తులు వెనకబడ్డాయి. పెద్దలకు సులువైంది నిజమే, కానీ పిల్ల తనంతట తాను కొత్త మాట కట్టుకునే వీలు ఆ మేరకు తగ్గిందని కూడా చెప్పుకోవాలి. 1983లో ఈ రంగంలో పనిచేసేవాళ్లు, ఆ పలకలతో మాట్లాడేవాళ్లు కలిసి అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నారు.

మన దేశంలో ఈ కథ ఒక తల్లితో మొదలైంది. మిథు ఆలూర్ కూతురు మాలిని 1966లో పుట్టింది. పుట్టే వేళ మెదడుకు ఆక్సిజన్ అందలేదు. ఈ పిల్లకు ఏమీ రాదని ఇక్కడి వైద్యులు చెప్పారు. ఇంగ్లండు తీసుకెళ్తే అక్కడ తెలివి బాగుందని తేలింది. 1972లో మిథు ఆలూర్ ముంబైలో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియా స్థాపించి, ఇలాంటి పిల్లలకు ప్రత్యేక బడి తెరిచారు. 1974లో కోల్‌కతాలో సుధా కౌల్, 1985లో చెన్నైలో పూనమ్ నటరాజన్ అదే బాట పట్టారు. మాలిని చిబ్ ఒక్క చిటికెన వేలితో టైపు చేస్తూ లండన్‌లో రెండు మాస్టర్స్ డిగ్రీలు పూర్తిచేశారు. ‘వన్ లిటిల్ ఫింగర్’ అనే తన ఆత్మకథకు ఆ వేలి పేరే పెట్టుకున్నారు. ‘మార్గరిటా విత్ ఎ స్ట్రా’ సినిమాకు ప్రేరణ ఆమె జీవితమే. కోల్‌కతా సంస్థతో కలిసి ఖరగ్‌పూర్ ఐఐటీవాళ్లు ‘సంయోగ్’ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ చేశారు. చెన్నైలో అజిత్ నారాయణన్ బృందం చేసిన ‘ఆవాజ్’ ఇప్పుడు ట్యాబులో, ఫోనులో పనిచేస్తోంది. పిల్ల బొమ్మ తాకితే మాట పైకి వినిపిస్తుంది.

ఆక్సిజన్ దెబ్బ కాన్పులోనే తగలాలని లేదు. చెరువులో, నీళ్ల సంపులో పడి బయటికి తీసిన పిల్లలు, వేరుశనగ గింజ గొంతుకు అడ్డంపడి ఊపిరి ఆగిన పిల్లలు ప్రాణాలతో బయటపడినా, అప్పటిదాకా చక్కగా మాట్లాడిన నోరు మూగబోవచ్చు. 2017లో అమెరికాలోని టెక్సస్ పరిశోధకులు నీళ్లలో మునిగి బతికిన పిల్లల మెదడు స్కాన్‌లను పరిశీలించారు. కదలికలను నడిపే లోపలి భాగాల్లో దెబ్బ తీవ్రంగా ఉంది, చూసి, విని, గ్రహించే వ్యవస్థలు చాలావరకు నిలిచి ఉన్నాయి. మంచం మీద కదలకుండా ఉన్న పిల్ల ఎదుట ‘దీనికేం తెలుస్తుందిలే’ అనుకుంటూ మాట్లాడేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఈ చరిత్రలో ఒక చేదు పాఠం కూడా ఉంది. పిల్ల చేతిని ఇంకొకరు పట్టుకుని అక్షరాల మీదికి నడిపించే పద్ధతి 1980ల్లో, 90ల్లో బాగా ప్రచారమైంది. తీరా పరీక్షించి చూస్తే ఆ మాటలు పిల్లవి కావు, చెయ్యి పట్టుకున్నవాళ్లవి. వాళ్లకు తెలియకుండానే వాళ్లే నడిపించారు. అందుకే పిల్ల తన వేలితోనో, తన కళ్లతోనో, ఎవరూ తాకకుండా చూపించినదే పిల్ల మాట అనుకోవాలి.

బోర్డు ఇస్తే పిల్ల బద్ధకించి నోటితో మాట్లాడే ప్రయత్నం మానేస్తుందని చాలా ఇళ్లలో భయం. ఆ భయానికి ఆధారం లేదు. 2006లో మిల్లర్, లైట్, ష్లోసర్ అనే పరిశోధకులు అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ వడకట్టి, నమ్మదగ్గ 27 కేసులు తీశారు. వాటిలో ఒక్కరికీ ఉన్న మాట తగ్గలేదు. 89 శాతం మందిలో అంతో ఇంతో మెరుగుపడింది కూడా.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా కేంద్రాల్లో పిల్లలను ఉచితంగా పరీక్షించే ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లు ఉన్నాయి. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. పుట్టగానే ఏడవని బిడ్డ మీ ఇంట్లో ఉంటే, ఎదురింట్లో ఉంటే, ఏడాది నిండేలోపే అక్కడికి తీసుకెళ్లండి. థెరపిస్టును ‘మాటలు వస్తాయా’ అని అడగండి, అడగాల్సిందే. దానితోపాటు ‘వచ్చేదాకా మా బిడ్డ తన మనసులోది దేనితో చెప్పుకోవాలి’ అని కూడా అడగండి. జవాబు ఇచ్చేదాకా అక్కణ్నుంచి కదలకండి.